ఏడో ఏడు మా ఎకరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో సాయంకాలం బైబిలు వాక్యం చదివే పని నాది. మా అమ్మా నాన్నా మండపేటలో రైసుమిల్లు పనికి కుదిరి అక్కడే ఉండిపోయారు. నేను ఊళ్ళో తాతయ్య దగ్గరా మామ్మ దగ్గరా పెరిగాను. మామ్మ అంటే మా నాన్నను కన్నతల్లి. తాతయ్యకు అక్షరం రాదు. పొద్దు వాలే వేళకు కాళ్లు కడుక్కుని వచ్చి, తలగుడ్డ విప్పి పక్కన పెట్టి, బడిపిల్లాడిలా అరుగు మీద కూర్చునేవాడు. నేను చదువుతుంటే కళ్లు మూసుకుని వినేవాడు. విన్నదాన్ని విన్నట్టే నమ్మేవాడు. మనలో చాలామందిమి వాక్యం వింటాం, తలాడిస్తాం, ఇంటికొచ్చి మన పని మనం చూసుకుంటాం. ఆయనకు ఆ నేర్పు లేదు.

నాకు పదేళ్లప్పుడు, ఒక వేసవి సాయంకాలం, మోషే ధర్మశాస్త్రంలో భూమికి విశ్రాంతి గురించిన భాగం వచ్చింది. ఆరేళ్లు భూమిని దున్నుకోవచ్చు, విత్తుకోవచ్చు, కోసుకోవచ్చు. ఏడో ఏడు దాన్ని వదిలెయ్యాలి. ఆ ఏడు తనంతట తాను మొలిచినది బీదలకు, పశువులకు. ఇదీ దాని సారం. నేను గబగబా చదివేసి పేజీ తిప్పబోతుంటే తాతయ్య కళ్లు తెరిచాడు.

"ఆగాగు. మళ్ళీ చదువు తల్లీ."

మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత పొయ్యి దగ్గరున్న మామ్మను అడిగాడు. "మన ఎకరం చేతికొచ్చి ఎన్నేళ్లయిందే?"

"ఆరు సార్వాలు, ఆరు దాళ్వాలు" అంది మామ్మ, వెనక్కి తిరక్కుండానే. మా వైపు వానాకాలం పంట సార్వా, వేసవి పంట దాళ్వా. మామ్మ ఏళ్లను పంటలతోనే చెప్పేది.

తాతయ్య వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. ఆ రాత్రి నాకు ఎంతో గర్వంగా అనిపించింది. నేను చదివిన మాటను ఆయన మూడుసార్లు అడిగి విన్నాడు కదా!

ఆ ఎకరం గురించి చెప్పాలి. మా పేటలో దాదాపు అందరూ కూలీలే. తరతరాలుగా వేరేవాళ్ల చేలల్లో నాట్లు వేసి, కోతలు కోసి బతికినవాళ్లు. ప్రభుత్వం వారు భూమి లేనివాళ్లకు పంచినప్పుడు మురుగుకాలువ పక్కన తాతయ్యకు ఎకరం వచ్చింది. అమ్ముకోకూడదు, ఏటా సాగు చెయ్యాలి, చెయ్యకపోతే వెనక్కి తీసుకుంటాం అని పట్టా ఇచ్చిన రోజునే చదివి వినిపించారట. అది సోమరిపోతుల కోసం పెట్టిన షరతు అనుకున్నాడు తాతయ్య. తెల్లారకముందే గట్టు మీద ఉండే మనిషి ఆయన. ఆ మాట ఎప్పటికైనా తనకు తగులుతుందని ఎలా అనుకుంటాడు? ఆ ఎకరం వచ్చాకే మామ్మ రైతుల పెరటి గుమ్మాల్లో గిన్నె పట్టుకుని నిలబడడం మానేసింది. అన్నం వార్చేటప్పుడు "మన బియ్యం" అని నోట్లోనే అనుకునేది. నేను విన్నానని ఆమెకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే తాతయ్య నన్ను చేనికి తీసుకెళ్లాడు. దాళ్వా కోత అయిపోయి నేల బీటలు వారి ఉంది. చేని నడిమధ్య నుంచి ఒక గడ్డ పెళ్లగించి, నలిపి ఒక కొబ్బరిచిప్పలో పోశాడు. అక్కడి నుంచి నన్ను గుడి దొడ్లోకి తీసుకొచ్చాడు. చర్చిని మేము గుడి అనే అంటాం. గుడి వెనక ఎప్పుడూ నాగలి తగలని చోటు నుంచి గుప్పెడు మట్టి తీసి ఇంకో చిప్పలో పోశాడు. రెండింటిలోనూ నా చేత చెంబుతో నీళ్లు పోయించి, చూస్తూ ఉండమన్నాడు. గుడి దొడ్లో మట్టి ఆ నీటిని ఒక్క గుటకలో తాగేసింది. మా చేని మట్టి మీద నీళ్లు పళ్లెంలో పోసినట్టు నిలబడిపోయాయి.

"ఏది తాగిందే?"

"గుళ్ళోది తాగింది తాతయ్యా. మనది తాగట్లేదు."

"ఒళ్లు హూనమైపోయినోడికి గంజి కూడా లోపలికి దిగదు తల్లీ. పన్నెండు పంటలు మోసింది మన కోసం. బస్తాల మందు పోశాం, ఇంకా మొయ్యమన్నాం. ఒక్క ఆదివారం ఇచ్చామా దీనికి?"

ఆ తర్వాత నేను చదువుకున్నాను, టీచర్నయ్యాను, ముప్పై ఏళ్లు పిల్లలకు నేల గురించి పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. భూసారం అనే మాటను అంతకన్నా తేటగా చెప్పినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. ఆయన చేసిన తప్పు ఏదైనా ఉంటే, ఆ చిప్పల దగ్గర ఆగకపోవడమే.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలో, ఎవరి సాక్ష్యం వాళ్లు అందరి ముందూ చెప్పుకునే సమయాన, తాతయ్య లేచి నిలబడ్డాడు. ఈ యేడు తన ఎకరానికి విశ్రాంతి ఇస్తున్నానని, ప్రభువు ముందు మాట ఇస్తున్నానని చెప్పాడు. చాపల మీద కూర్చున్నవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. గుడి బయటికి వచ్చాక ఇక నవ్వులు ఆగలేదు.

"భూమికి కూడా ఆదివారమేంటి మావా? క్రిస్మస్‌కి కొత్త బట్టలు కూడా కుట్టిస్తావా ఏంటి?"

"మరి నీ పొట్టకి కూడా సెలవిచ్చేశావా, దానికి చెప్పావా ముందు?"

తాతయ్య కూడా వాళ్లతో పాటు నవ్వాడు. నవ్వనిది ఒక్క సంఘపెద్దగారే. మా సంఘంలో ఆయనది పెంకుటిల్లు, ఐదెకరాల సొంత భూమి. కమిటీలో ఆయన మాటకు తిరుగులేదు. వరసకు తాతయ్యను బావా అనేవాడు. ఆయన దగ్గరికి వచ్చి తాతయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మంచి మాట ఇచ్చావు బావా. ఎవడేమన్నా వెనక్కి తగ్గకు. దేవుడు చూసుకుంటాడు."

ఆ ఒక్క మాటకు తాతయ్య కళ్లు చెమర్చాయి. నాకు సంఘపెద్దగారి మీద ప్రేమ పుట్టింది.

తొలకరి పడింది. చుట్టూ అందరూ నారుమళ్లు పోశారు. తాతయ్య తన చేనికి నీళ్లు వచ్చే బోదెను మట్టితో మూసేసి, పొరుగు చేలల్లోకి కూలికి వెళ్లాడు. మామ్మ కూడా కొడవలి, గంప సర్దుకుంది. మా ఎకరంలో గట్టు మీద రాలిన జీలుగ గింజలు వాటంతట అవే మొలిచాయి. ఊద, తుంగ, పొన్నగంటి కూర, పేరు తెలియని గడ్డీ గాదం నడుము ఎత్తుకు లేచాయి. పేటలో ఆవులూ గేదెలూ ఉన్నవాళ్లు తోలుకొచ్చి మేపుకున్నారు. బాతులు మేపేవాళ్లు నాలుగు రోజులు అక్కడే దడి కట్టుకుని ఉన్నారు. మొగుడు పోయిన ఆడవాళ్లు ఒళ్లో కూర తెంపుకుని పోయేవారు. నవ్వినవాళ్ల గొడ్లు కూడా అక్కడే మేసేవి. తాతయ్య సాయంకాలం గట్టు మీద నిలబడి చూసేవాడు. ఆ చేను దున్నిన రోజుల్లో కూడా ఆయన ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు. మామ్మ ముఖం వైపు మాత్రం నేను చూడకుండా తప్పించుకునేదాన్ని.

నాట్లు ముగిసే రోజుల్లో కరణంగారు వచ్చారు. ఏ చేలో ఏ పంట ఉందో చూసి రాసుకునే పని ఆయనది. మా గట్టు మీదికి వచ్చి ఆగి, గొడుగు మడిచారు.

"ఏమోయ్, వరేదీ?"

"ఈ యేడు విశ్రాంతండి."

"ఎవరికి? నీకా?"

"ఆయ్, నాక్కాదండి. భూమికండి."

కరణంగారు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. తర్వాత నవ్వడం మానేసి, తాతయ్యను కొంచెం పక్కకు పిలిచారు. నేను తాతయ్య వేలు పట్టుకునే ఉన్నాను కాబట్టి ఆ మాటలన్నీ విన్నాను. ఈ భూమిని సాగు చెయ్యకుండా పడేశావని ఎప్పుడో తాసిల్దారుగారికి అర్జీ వెళ్లిందట. వారం తిరక్కుండా ఆయనే చూడడానికి వస్తున్నారట. అర్జీ పెట్టింది ఎవరని తాతయ్య అడిగాడు.

"మీ గుళ్ళోవాళ్లే. నువ్వు ఆదివారం మాటిచ్చావట కదా. సోమవారం పొద్దున్నే పట్టుకొచ్చాడు మీ పెద్ద, తన అల్లుడికి భూమి లేదని. సరే, జరిగిందేదో జరిగింది. ఈ వారంలో దొరికిన నారు తెచ్చి నాటెయ్. పచ్చగా వరి కనిపిస్తే చాలు, నేను సాగులో ఉందనే రాస్తాను."

మాకు ఏమీ కాని మనిషి ఆ మాట అన్నారు. అది నేను మరిచిపోలేదు.

తాతయ్య నారు కోసం వెళ్లలేదు. సాయంకాలం మామ్మనూ నన్నూ వెంటబెట్టుకుని అయ్యగారి దగ్గరికి వెళ్లాడు. మా పాస్టరుగారిని అందరం అయ్యగారనే పిలిచేవాళ్లం. ఇది సోమరితనం కాదు, విశ్వాసం అని తాసిల్దారుగారికి ఒక ఉత్తరం రాసిపెట్టమని తాతయ్య వేడుకున్నాడు. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అది ఇశ్రాయేలు దేశానికి చెప్పిన మాటయ్యా. మన గోదావరి జిల్లాకి కాదు. నువ్వు తొందరపడ్డావు."

తాతయ్య తల దించుకున్నాడు. గుమ్మం అవతల నిలబడ్డ మామ్మ దించుకోలేదు.

"మరి పంటలో పదో వంతు తెమ్మని మీరు చెప్పేది ఎవరికండి, అయ్యగారూ? అదీ ఇశ్రాయేలుకేనా అండి? ఆరేళ్ల నుంచి మోసుకొచ్చి మీ వసారాలో పోస్తున్నాం, అప్పుడు చెప్పారు కాదేంటి?"

అయ్యగారు కళ్లజోడు పెట్టుకున్నారు. సంఘపెద్దతో మాట్లాడి చూస్తానన్నారు. ఆ మాటతో మా పని ఏమయ్యిందో పదేళ్ల పిల్లకు కూడా అర్థమైంది.

రెండు రోజుల తర్వాత మామ్మ నన్ను చీకట్లోనే లేపింది. ముందు రోజు కూలికి వెళ్లిన చోట మిగిలిన నారుకట్టలు అడిగి తెచ్చుకుందట. కూలి బదులు నారు ఇమ్మందట. ఇద్దరం మోసుకెళ్లాం. గట్టు వెంబడి ఒక పక్క కలుపు పీకి, బోదె తెరిచి, నీళ్లు పెట్టి నాటడం మొదలుపెట్టాం. తెల్లవారేసరికి ఆరేడు బారల మేర పచ్చగా కనిపించింది. నాకు ఎంత ఆశ కలిగిందో చెప్పలేను. ఇంకో రెండు పూటలు ఇలాగే చేస్తే చాలు, ఈ నేల మాదే అనుకున్నాను.

తాతయ్య వచ్చాడు. కోప్పడలేదు. చేలోకి దిగి, మేము నాటినదంతా ఒక్కో కుదురూ వేరు తెగకుండా తీసి, కడిగి, మళ్ళీ కట్టలు కట్టాడు. ఆ కట్టలు తీసుకెళ్లి పక్క చేలో నారు చాలని రైతుకు ఇచ్చేశాడు. తిరిగి వచ్చి బోదె మూశాడు.

"మాటిచ్చాను కదే" అన్నాడు మామ్మతో.

"ఎవరికిచ్చావు? దేవుడికిచ్చావా, మీ బావకిచ్చావా?" అంది మామ్మ. బురద చేతులతోనే ముఖం కప్పుకుని గట్టు మీద కూర్చుండిపోయింది. తాతయ్య వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. విశ్వాసంలో నిలబడ్డవాళ్ల గురించి గుళ్ళో ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ విశ్వాసి పక్కన గట్టు మీద కూర్చుని ఏడ్చే మనిషి గురించి ఎవరూ ఒక్కసారైనా చెప్పలేదు.

తాసిల్దారుగారు వచ్చారు. చెడ్డమనిషేమీ కాదు. తాతయ్య చెప్పింది సాంతం విన్నారు, అర్థం చేసుకోవడానికి ప్రయత్నించారు. చివరికి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ సంఘపెద్దగారిని అడిగారు, "ఏమయ్యా, ఈ భూమి సాగులో ఉందా, లేదా?"

"నిజం చెప్పాలి కదండి" అన్నాడు ఆయన. "లేదండి."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఇన్నేళ్లుగా నన్ను కాల్చేది అదే. అబద్ధం చెప్పి ఉంటే ఆయన్ని అసహ్యించుకోవడం నాకు తేలికయ్యేది.

ఆ ఏడాది గడిచేసరికి ఎకరం సంఘపెద్దగారి అల్లుడి పేరు మీదికి వెళ్లింది. తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ నేలకు మళ్ళీ ఎవరూ విశ్రాంతి ఇవ్వలేదు. ఏటా రెండు పంటలు, మధ్యలో మినుములు, బస్తా మీద బస్తా మందు. కొన్నాళ్లకు దిగుబడి లేదని కౌలుకిచ్చారు. కౌలుదారు అక్కడ చేపల చెరువు తవ్వాడు. మొన్న అటుగా వెళ్తే చెరువులో చేపలకు గాలి అందించే చక్రాలు నీళ్లు చిమ్ముతూ గిరగిరా తిరుగుతున్నాయి. పక్క చేలల్లోకి ఊట దిగి వరి ఎర్రబడి ఉంది. ఏ గట్టు ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. సంఘపెద్దగారూ లేరు, ఆయన అల్లుడూ లేడు. నేల కూడా లేదనే అనాలి.

కానీ నేను చెప్పదలచుకున్నది ఎకరం పోయిన మరుసటి సార్వా గురించి. ఏడాది పాటు పెరిగిన జీలుగనీ గడ్డినీ, గొడ్ల పేడనీ, బాతుల రెట్టనీ కలిపి అల్లుడు దున్నించాడు. ఊళ్ళో ఎవరి చేలోనూ లేనంతగా పండింది. కంకి బరువుకు చేను చేనంతా ఒక పక్కకు వాలిపోయింది. రోడ్డు మీద సైకిళ్లు ఆపి చూసేవారు. కోతకు కూలీలను పిలిస్తే వాళ్లలో మా తాతయ్య కూడా వెళ్లాడు. మామ్మ వద్దని బతిమాలింది. ఆయన వినలేదు. సంఘపెద్దగారు మొదటి పన కట్టమని కోసిన వరిని ఆయన చేతికే ఇచ్చాడట. ఎవరి మనసులో ఏముందో నాకు తెలియదు. తాతయ్య దాన్ని శ్రద్ధగా, ఒక్క గింజ రాలకుండా కట్టాడు.

ఆ పన కోతల పండుగ నాడు గుళ్ళోకి వచ్చింది. ఏటా ఆ రోజున ఎవరికి పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు, వరి పనలు. అయ్యగారు వాటన్నిటిలో ఆ పనను ఎంచి రెండు చేతులతో పైకెత్తారు. బరువుకు కంకులు ఆయన భుజాల మీదికి వంగాయి.

"చూడండి, సోదరులారా. నమ్మకంగా కష్టపడిన చేతులను దేవుడు ఎలా దీవిస్తాడో కళ్లారా చూడండి."

గుడంతా ఆమేన్ అంది. అందరూ అన్న తర్వాత, మగవాళ్ల వరసలో వెనక నుంచి ఇంకో ఆమేన్ వినిపించింది. అది మా తాతయ్య గొంతు. పెద్దగా, నిండుగా అన్నాడు. మామ్మ నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే, నా వేళ్లు తెల్లబడిపోయాయి.

దారిలో నేను ఆగలేకపోయాను. "ఎందుకన్నావు తాతయ్యా? అది మన చేను. అయ్యగారు అబద్ధం చెప్పారు. కష్టపడింది నువ్వు కదా."

తాతయ్య నడక ఆపి నా వైపు చూశాడు. ఆయన ముఖంలో బాధ వెతికాను. దొరకలేదు.

"నేల కోలుకుంది కదే" అన్నాడు. "ఆ గింజ చూశావా నువ్వు? ఎంత బరువుందో! కోలుకుందా లేదా? దానికన్నాను ఆమేన్."

ఇప్పుడు నా వయసు ఆనాటి తాతయ్య వయసును దాటింది. అదే సంఘంలో ఉన్నాను. ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లి రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాను, ప్రార్థన మానలేదు, వాక్యం మీద నా నమ్మకం ఇసుమంత కూడా తగ్గలేదు. కోతల పండుగకు ఏటా పెరట్లో కాసిన సొరకాయో, బీరకాయలో తీసుకెళ్లి ముందు పెడతాను. పాస్టరుగారు వరి పన పైకెత్తినప్పుడు అందరితో పాటు లేచి నిలబడతాను. పెదవులు మాత్రం విడివడవు. అలసిన నేలకు విశ్రాంతి ఇవ్వాలన్న మాట తాతయ్య దగ్గర నేర్చుకున్నాను, ఎక్కడైనా నిలబడి చెప్పగలను. ఆ విశ్రాంతి వేరొకరి చేతిలో పండితే దేవునికి స్తోత్రం చెప్పడం కూడా ఆయన నేర్పాలనే చూశాడు. అది నాకు పట్టుబడలేదు. దాని కోసం యాభై ఏళ్లుగా మోకాళ్ల మీద అడుగుతున్నాను. ప్రభువు ఇంకా ఇవ్వలేదు. ఇస్తే పుచ్చుకుంటానన్న నమ్మకం నాకే లేదు.